పని గిట్టుబాటు అయితదా?

(నిజామాబాద్ దిక్కు ఒక డిగ్రీ కాలేజీల ఆఖరు సంవత్సరం పిల్లల ముందర మాట్లాడిన మాటలివి. మాట్లాడినట్టే అచ్చేస్తున్నం.)



మమ్ముల పిలిచినప్పుడు సార్లు ఏమన్నరంటే, పిల్లలకు ఉద్యోగాల మీద నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి అన్నరు. మంచి మాటలు చెప్పేటోళ్లు టీవీల నిండ ఉన్నరు. మా దగ్గర ఉన్నది ఒక లెక్క. ఆ లెక్క మేము తీసింది కాదు, ఒక చెల్లె మాతోని తీయించింది. పదిహేను దినాల కింద ఫోన్ చేసింది. మా పక్క ఊరి పిల్ల. బీకాం అయిపోయింది. టౌన్‌ల బట్టల షాపుల తొమ్మిది వేలకు రమ్మంటున్నరట. ఇంట్ల వాళ్లమ్మ బీడీలు చేస్తది, ఈ పిల్లకు కూడ చేతనైతది. "అన్నా, షాపుకు పోతే మిగులుతదా, ఇంట్ల ఉండి బీడీలు చేస్తే మిగులుతదా, లేకపోతే రెండూ దండుగేనా? నువ్వు పేపరోనివి కదా, లెక్క తీసి చెప్పు" అన్నది.

జవాబు సప్పున రాలేదు మాకు. పని చెయ్యాలె అని చిన్నప్పటి నుంచి అందరు చెప్పిండ్రు గని, పని గిట్టుబాటు అయితదా అని అడగొచ్చని ఎవ్వలు చెప్పలేదు. ఎవుసం గిట్టుబాటు కాదంటే అందరు తల ఊపుతరు. పత్తి గిట్టుబాటు కాదు, వడ్లు గిట్టుబాటు కావు. మనిషి కష్టం గిట్టుబాటు కాదంటే మాత్రం సోమరోడు అంటరు. కూసుండి తింటే గుట్టలైనా కరుగుతయని సామెత చెప్తరు. గుట్టలున్నోనికి చెప్పాల్సిన సామెత అది. మన కరీంనగర్ దిక్కు గుట్టలు కరిగింది కూసుండి తినుడుతోని కాదు, గ్రానైట్ మిషిన్లతోని. సరే, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ముందుగాల బీడీల లెక్క చూద్దాం. ఈ హాల్ల కూసున్నోళ్లల్ల సగం మంది ఇండ్లల్ల చాట ఉంటది, మాకు తెలుసు. మేము కూడ ఆ చాట పక్కన చదువుకున్నోళ్లమే. ఇంట్ల తంబాకు వాసన అన్నిటికి పట్టేది, మా టెక్స్టుబుక్కులకు సుత. అయినా లెక్క కోసం మొదటి నుంచి చెప్తం.

వెయ్యి బీడీలకు ఇంత కూలి అని రేటు ఉంటది. లెక్క అల్కగ కావాలె కాబట్టి రూ. 250 అనుకుందాం. మీ ఇంటి రేటు ఎంతనో ఆ అంకె మీరు ఏసుకోండ్రి. ఒక్క దినంల ఎన్ని చేస్తరు? మంచి పనిమంతురాలు వెయ్యి చేస్తది. వంట, పిల్లలు, బర్రె, అత్తకు మందులు, ఇవన్ని చూసుకునే మనిషి అయితే ఎనిమిది వందలు అనుకోండ్రి. ఎనిమిది వందలకు రూ. 200.

ఇప్పుడు గంటలు లెక్కపెట్టుండ్రి. రాత్రి తునికాకు నానబెట్టి తడి బట్టల చుట్టి పెట్టుడు. పొద్దున ఆకు తుడుసుడు, రేకు అచ్చు పెట్టి కత్తెరతోని ఒక్కొక్క ఆకు కత్తిరించుడు. తర్వాత తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు, మూతి మలుసుడు. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. కట్టలు కట్టినంక కార్ఖానాకు నడుసుకుంట పోవుడు, లైన్ల నిలబడుడు, లెక్క ఒప్పజెప్పి మళ్ల ఆకు, తంబాకు తూకం చేపిచ్చుకొని వచ్చుడు. అన్ని కలిపితే పది గంటలు. ఇండ్ల చుట్టేది ఆరు గంటలే. మిగిలిన నాలుగు గంటలు ఎవ్వలు పని అనరు. చుట్టే పనికే పేరున్నది, నానబెట్టేదానికి పేరు లేదు. పేరు లేని పనికి రేటు ఎక్కడిది?

పది గంటలకు రూ. 200 అంటే గంటకు 20. ఆగుండ్రి, ఇంకా అయిపోలేదు. కంపెనీ ఇచ్చిన ఆకుల పొక్కలది, ఎండినది, చిన్నది ఉంటది. ఇచ్చిన తూకానికి లెక్క ప్రకారం బీడీలు కావాలె. కాకపోతే బయట ఆకు కొని కలపాలె. రూ. 15 పోయినయనుకోండ్రి. కార్ఖానాల కట్టలు చూసేటాయన రెండు కట్టలు చెత్తగున్నయని పక్కకు పెట్టిండు. యాభై బీడీలు, అంటే పన్నెండున్నర రూపాయలు. మిగిలింది 172 రూపాయల యాభై పైసలు. పది గంటలతోని భాగిస్తే గంటకు 17 రూపాయల పావులా.

ఇగ నెలకు ఎన్ని దినాలు? ముప్పై దినాలు పని ఉండే కాలం ఎప్పుడో పోయింది. పన్నెండు దినాలే పని ఇచ్చిండ్రనుకుంటే నెలకు రూ. 2,070. మీ అమ్మ నడుము నొప్పి గోలీలు ఇండ్లకెల్లే పోతయి. మేము అవి లెక్కల ఏస్తలేం. ఏస్తే లెక్క మైనస్‌లకు పోతది.

ఇప్పుడు షాపు లెక్క. జీతం రూ. 9,000. నెలకు 26 దినాలు. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాక పది గంటలు. ఊరి నుంచి పోవుడు, వచ్చుడు రెండు గంటలు. దినానికి 12 గంటలు అంటే నెలకు 312 గంటలు. బస్సు ఆడోళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ఫ్రీ కాబట్టి ఆ ఖర్చు లేదు. ఈ స్కీము మీద మగోళ్లు ఎన్ని జోకులు ఏసిండ్రో విన్నం గని, ఈ లెక్కల అది నెలకు ఎంత మిగిలిస్తదో జోకులు ఏసేటోళ్లు ఒక్కసారి చూడాలె. బస్టాండు నుంచి షాపు దాక షేర్ ఆటో పోను రాను రూ. 20, నెలకు 520. చాయ్, ఏదన్న తినుడు దినానికి 30, నెలకు 780. షాపుల నీటుగ కనవడాలె కాబట్టి డ్రెస్సు, చెప్పులు నెలకు 400. ఓనరు వాట్సాప్ గ్రూపుల ఉండాలె కాబట్టి ఫోన్ రీచార్జి 300. కలిపితే సరిగ్గ రెండు వేలు. మిగిలింది ఏడు వేలు. 312 తోని భాగిస్తే గంటకు 22 రూపాయల 40 పైసలు.

చూసిండ్రా? డిగ్రీ చదవని అమ్మ గంట 17 రూపాయల పావులా. డిగ్రీ చదివిన బిడ్డ గంట 22 రూపాయల 40 పైసలు. మూడేండ్ల చదువుకు కట్టిన ఖరీదు గంటకు అయిదు రూపాయలు. ఈ ముచ్చట ఆ చెల్లెకు చెప్తే అవతలి దిక్కు చానసేపు సప్పుడు లేదు. మళ్ల అన్నది, "గట్లయితే రెండూ దండుగే కదా అన్నా."

ఇక్కడ్నే ఆగాలె మనం. గంట రేటు చూస్తే రెండూ దండుగనే. గని ఆ లెక్క మేము తీసిందే, దాంట్ల ఏమేం పట్టలేదో మాకే తెలుసు. అందుకే మా అమ్మ ముచ్చట చెప్పాలె.

మా అమ్మ పదేండ్ల వయసుల చాట పట్టింది. పెండ్లి చూపులకు వచ్చినోళ్లు పిల్ల తెలుపా నలుపా అని అడగలేదట, దినానికి ఎన్ని బీడీలు చేస్తదని అడిగిండ్రట. మన దిక్కు ఇది కొత్త ముచ్చట కాదు, మీ నానమ్మలను అడుగుండ్రి, పీఎఫ్ ఉన్నదా అని అడిగి పెండ్లి కాయం చేసిన ఇండ్లు కూడ ఉన్నయి. అయితే మా అమ్మకు అప్పటికి ఏ రిజిస్టర్ల పేరు లేదు. పెండ్లయినంక పదకొండేండ్లు అత్త బుక్కు మీద చేసింది. చేతులు మా అమ్మవి, పేరు మా నానమ్మది. కంపెనీకి కట్టలు ముట్టినయి, ఎవరి చేతులైతే ఏంది? ఆ పదకొండేండ్ల పని ఏ కాగితం మీద లేదు. ఏ కంపెనీ అని అడగకుండ్రి, పేరు చెప్పుడుతోని వచ్చేది లేదు, ఒక్క కంపెనీ ముచ్చట కాదిది.

తర్వాత సొంత నంబరు వచ్చింది. ఆ నంబరు ఎట్ల వచ్చిందో మీకు చెప్పాలె, ఎందుకంటే పాఠంల ఉండదు. బీడీ కార్మికులకు 1966ల పార్లమెంటు ఒక చట్టం చేసింది, ఇంట్ల కూసొని చుట్టేటోళ్లను కూడ కార్మికులే అన్నది. కంపెనీలు కోర్టుకు పోయినయి, 1974ల సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతదన్నది. 1977ల బీడీలకు పీఎఫ్ వర్తింపజేసిండ్రు. మళ్ల కంపెనీలు కోర్టుకు పోయినయి. ఏమన్నయంటే, వీళ్లు మా కార్ఖానాల కూసుంటలేరు, ఎప్పుడు చేస్తరో ఎట్ల చేస్తరో మేము చూస్తలేం, వీళ్లు మా పనోళ్లు ఎట్లయితరు అని. 1985ల పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసుల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీకు బీడీలు నచ్చకపోతే పక్కకు పెట్టే హక్కు మీ చేతుల ఉన్నది కదా, ఆ హక్కు ఉన్నదంటే వాళ్ల పని మీద అదుపు మీదే, అందుకే వాళ్లు మీ పనోళ్లే, పీఎఫ్ కట్టుండ్రి అని.

ఈ తీర్పు చదివినప్పుడు మేము రాత్రి నిద్రపోలేదు. ఏ కట్టలు చెత్తగున్నయని పక్కకు పెడితే మా అమ్మ కార్ఖానా నుంచి కండ్లు తుడుసుకుంట వచ్చేదో, ఆ పక్కకు పెట్టుడే ఆమె కార్మికురాలు అనేదానికి సాక్ష్యమైంది. అమ్మకు చెప్పినం. "గట్లనా? మరి పక్కకు పెట్టినయి వాపస్ ఇయ్యుమని ఎందుకు చెప్పలే జడ్జి సారు?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

ఆ నంబరు వల్ల ఏమొచ్చింది? పీఎఫ్‌ల కొన్ని పైసలు జమ అయినయి, అక్క పెండ్లికి తీసింది. 2014 సెప్టెంబర్ నుంచి పీఎఫ్ పెన్షన్ నెలకు వెయ్యికి తక్కువ ఉండొద్దని కేంద్రం పెట్టింది. రాష్ట్రం వచ్చినంక ఆసరా కింద బీడీ కార్మికులకు జీవనభృతి ఇచ్చిండ్రు, మొదలు రూ. 1,000, 2019 నుంచి రూ. 2,016. దానికి కూడ 2014 నాటికి పీఎఫ్‌ల పేరుండాలె అని తేదీ గీత గీసిండ్రు. అత్త బుక్కు మీద, అక్క బుక్కు మీద ఏండ్లకేండ్లు చేసిన ఎంతమంది ఆడోళ్లు ఆ గీత అవతల పడ్డరో మండలాఫీసుల ముంగట చూసినం, వార్తలు రాసినం. పక్కపక్కన కూసొని ఒక్క చాటల తంబాకు పంచుకొని చుట్టిన ఇద్దరు అక్కచెల్లెండ్లల్ల ఒకామెకు వచ్చింది, ఒకామెకు రాలేదు. ఇద్దరి నడుములు ఒక్క తీరుగనే వంగినయి.

అంటే పని చేస్తే సరిపోదు తమ్ముళ్లారా, ఆ పని కాగితం మీద ఉండాలె. గంట రేటు లెక్కల ఈ ముచ్చట రాదు. మేము తీసిన లెక్కల మొదటి లోటు ఇది.

ఇప్పుడు మా ముచ్చట కూడ చెప్తం, లేకపోతే మందికే చెప్పిపోయిండు అంటరు. మేము డిగ్రీ అయినంక విలేకరి పనిల చేరినం. మా మొదటి పేపరుల జీతం లేదు. రాసిన వార్త పేపర్ల ఎంత పొడుగు వచ్చిందో స్కేలు పెట్టి కొలుసుడు, సెంటీమీటరుకు ఇంత అని లెక్క. లైన్ అకౌంట్ అంటరు దాన్ని. బీడీలకు వెయ్యి లెక్క, మాకు సెంటీమీటర్ల లెక్క. డెస్కుల ఉన్నాయన మా వార్తను సగం కోసేస్తే సగం పైసలే. ఆకు తక్కువ పడ్డట్టు మాకు పెట్రోలు తక్కువ పడేది, జేబుల పైసలు పెట్టి కొనుక్కునేటోళ్లం. దసరాకు, సంక్రాంతికి యాడ్స్ తేవాలె. ఎవల మీద వార్త రాయాలెనో వాళ్ల దగ్గరికే పోయి యాడ్ ఇయ్యుమని నిలబడాలె. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955ల వచ్చింది. దాంట్ల ఒక మాట ఉన్నది, జర్నలిజం ప్రధాన వృత్తి అయినోళ్లకే అని. మండలంల మాలాంటోనికి ఆ పనితోని ఇల్లు గడవది, ఎల్ఐసీ ఏజెంటో జిరాక్స్ సెంటరో పెట్టుకుంటడు. ఇగో నీకు వేరే పని ఉన్నది, నీ ప్రధాన వృత్తి ఇది కాదు అంటరు. పైసలియ్యకపోతే వేరే పని పెట్టుకున్నం, వేరే పని పెట్టుకున్నందుకు పైసలు లేవు. మజీథియా వేజ్ బోర్డును 2014 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు సమర్థిస్తే హైదరాబాద్‌ల సంబురం చేసుకున్నరు, మండలం దాక ఆ సంబురం రాలేదు. ఆ 1955 చట్టం, 1966 బీడీ చట్టం, రెండూ 2025 నవంబర్ 21న అమలుకు వచ్చిన లేబర్ కోడ్లల్ల కలిసిపోయినయి.

ఒక్క దినం అమ్మ, మేము ఇద్దరం కూసొని లెక్క చూసుకున్నం. ఆ నెల అమ్మ బీడీల పైసలు ఎక్కువ, మా వార్తల పైసలు తక్కువ. పైంగ అమ్మకు పీఎఫ్ నంబరున్నది, డిగ్రీ ఉన్న మాకు లేదు. అమ్మ నవ్వలేదు. "గీ నెల నీ పెట్రోలుకు నేనిస్త తీయ్" అన్నది. ఊరోళ్ల కష్టాల మీద మేము రాసిన వార్తలు బీడీల పైసలతోని తిరిగి రాసినయే.

ఒకసారి ఎక్కడ్నో చదివినం, మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ అని ఒకాయన, ఫ్రాన్స్‌ల, 1880ల సోమరితనం హక్కు మీద పుస్తకం రాసిండు. దినానికి మూడు గంటలు పని చేస్తే సాలు, మిగిలిన పొద్దు మనిషి హాయిగ ఉండాలె అన్నడు. ఆ సంతోషంల ఇంటికొచ్చి అమ్మకు చెప్పినం. "మూడు గంటలంటే ఆకు కత్తిరించుడే కాదు బిడ్డా" అన్నది. లఫార్గ్ పని అక్కడికే ఖతం.

నవ్వుండ్రి, ఫర్వాలేదు. మేము పేపర్ల కుదురుకున్నంక అమ్మతోని "ఇగ బంద్ చెయ్, నీ నడుము సక్కగ లేదు, నేను ఇస్త కదా" అన్నం. ఆమె ఏమన్నదంటే, "నువ్వు ఇస్తవు. నేను అడగాలె, నువ్వు ఇయ్యాలె. మీ నాయిన దుబాయ్‌ల ఉన్నప్పుడు సుత నేను మందిని అడగలే" అన్నది. నాయిన పంపిన పైసలు వీసా అప్పుకు, దాని మిత్తికి పోయేటివి. ఇల్లు నడిచింది చాట మీదనే. మన నిజామాబాద్, జగిత్యాల దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఇదే కథ! మొగోడు గల్ఫ్‌కు పోతే ఊరంత తోలిచ్చి వస్తరు, ఎయిర్‌పోర్టు దాక జీపు కట్టుకొని పోతరు. వాడు పంపేదాక, ఒక్కోసారి పంపకున్నా, ఇంట్ల పొయ్యి ఆరకుంట చూసింది బీడీ. దానికి తోలిచ్చుడు లేదు, ఎదురుకోలు లేదు.

కాబట్టి మా లెక్కల రెండో లోటు ఇది. గంటకు 17 రూపాయల పావులాల, ఎవల ముంగట చెయ్యి చాపకుంట బతికిన బతుకు ఎంతనో రాయలేదు. దానికి అంకె ఎట్ల ఏస్తరో మాకు తెల్వది. గని ఈ మాట సేట్లు వింటే సంతోషపడుతరు. అమ్మ గౌరవంగ బతికింది కదా, కూలి తక్కువైతే ఏంది అంటరు. గౌరవాన్ని కూలిల కట్ చేసుకుంటరు. అందుకే ఈ మాట వాళ్ల ముంగట అనం, మన మధ్యల అనుకుంటున్నం.

ఇంకో ముచ్చట ఉన్నది, చెప్పుడు కష్టం. 2011ల సకల జనుల సమ్మె, సెప్టెంబర్ 13 నుంచి 42 దినాలు. అప్పుడు మేము మీ అంత. టెంట్ల కింద కూసున్నం, రోడ్ల మీద వంటలు చేసినం, లాఠీలు తిన్నం. సింగరేణిల బొగ్గు ఆగితే కరెంటు కోతలు వచ్చినయి, బస్సులు ఆగినయి, బళ్లు ఆగినయి, ఢిల్లీ దాక తెలిసింది. అప్పుడు మాకు ఒకటి అర్థమైందనుకున్నం, పని ఆగితేనే పని విలువ తెలుస్తది అని. అయిదేండ్లకు, 2016 ఏప్రిల్‌ల, పెట్టె మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక రూలు వచ్చిందని బీడీ కంపెనీలే పని ఆపినయి. లక్షల చేతులు ఖాళీ అయినయి. ఎక్కడన్న ఒక్క లైటు ఆరిందా? ఒక్క బస్సు ఆగిందా? ఆగింది మా ఇంట్ల కిరాణా ఉద్దెర. పని విలువకు, పని ఆగితే వచ్చే సప్పుడుకు సంబంధం లేదని ఆ నెల తెలుసుకున్నం. బొగ్గు తవ్వినాయన చెయ్యి ఎంతనో బీడీ చుట్టినామె చెయ్యి అంతే అలిసిపోతది. ఒకరి దగ్గర స్విచ్చు ఉన్నది, ఒకరి దగ్గర లేదు.

బీడీ మంచిది, ఉండాలె అని మేము అంటలేం. తాగినోని ఊపిరితిత్తులు ఎట్లయితయో, చుట్టినామె దగ్గు ఎట్లుంటదో చూసినోళ్లమే. పోవాల్సిన పనే అది. పోయేటప్పుడు దాని మీద బతికినోళ్లకు ఏమియ్యాలె అని అడిగేటోళ్లు లేరు. 1976 నుంచి బీడీ సెస్సు వసూలు చేసి ఆ ఫండు నుంచి దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చిండ్రు, మీల ఎవరన్న అందుకున్నరేమో. 2017ల జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు తీసేసిండ్రు. బీడీ మీద పన్ను మాత్రం 28 శాతం పెట్టిండ్రు.

మీల ఇంకో జమాత్ ఉన్నది, వాళ్లకు కూడ ఒక మాట. గ్రూప్స్‌కు చదువుతమని హైదరాబాద్ పోయి అశోక్‌నగర్‌ల రూము తీసుకునేటోళ్లు. 2022 అక్టోబర్‌ల గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిండ్రు, పేపర్ లీక్ అయి 2023 మార్చిల రద్దయింది. జూన్‌ల మళ్ల రాస్తే సెప్టెంబర్‌ల హైకోర్టు అది కూడ రద్దు చేసింది. ఆ దినాలల్ల ఒక తమ్ముడు మాతోని అన్నడు, "నేను ఏ పని చేస్తలేనన్నా, కూసొని తింటున్న" అని. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాక లైబ్రరీల కూసునేటోడు. పదిహేను గంటలు! కూలి వస్తలేదు కాబట్టి పని కాదనుకుంటున్నడు. ఆ రూము కిరాయి ఎవలు కడుతున్నరు? ఊర్ల గంటకు 17 రూపాయల పావులా సంపాదించే మనిషి. ఆ తమ్మునికి మేము చెప్పింది ఒక్కటే, నీ లెక్కల అమ్మ గంటలు కూడ రాసుకో అని. వెయ్యి రూపాయల టెస్ట్ సిరీస్ అంటే ఆమెవి దగ్గర దగ్గర 58 గంటలు. కొనొద్దు అంటలేం. కొను, గని 58 గంటలు అని రాసి గోడకు అతికించుకో.

సరే, ఆ బీకాం చెల్లె దగ్గరికి వద్దాం. ఆమెకు ఏం చెప్పినం? పని గొప్పది, పో అని చెప్పలే. దండుగ, పోకు అని కూడ చెప్పలే. గంట రేటుల తేడా అయిదు రూపాయలే గని, నెల చూస్తే ఒక దిక్కు ఏడు వేలు, ఒక దిక్కు రెండు వేల డెబ్బై. పన్నెండు దినాల పనికి, 26 దినాల పనికి తేడా అది. ఇంట్ల అప్పు ఉన్నోళ్లకు గంట రేటు అక్కరకు రాదు, నెలాఖరు అక్కరకొస్తది. అందుకే షాపుకు పోవాలెననుకుంటే పో అన్నం. పోయే ముందుగాల నాలుగు ముచ్చట్లు అడుగు అన్నం. షాపుల ఎంతమంది పనిచేస్తరు? పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్, ఇవి ఓనరు దయ కాదు, చట్టం. పేరు రిజిస్టర్ల ఎక్కుతదా? మీ అమ్మ పోగొట్టుకున్నట్టు పదకొండేండ్లు పోగొట్టుకోకు. జీతం బ్యాంకుల ఏస్తరా, చేతికిస్తరా?

ఆఖరుది అడుగుమంటే ఆ పిల్ల నవ్వింది. కూసునేతందుకు స్టూలు ఉన్నదా? నవ్వే ముచ్చట కాదు. కేరళల బట్టల షాపుల ఆడోళ్లు పది పన్నెండు గంటలు నిలబడే చేసేటోళ్లు. గోడకు ఆనితే సుత కెమెరాల చూసి జీతం కోసేటోళ్లు. కోజికోడ్‌ల విజి అనే కుట్టుపని చేసే ఆమె, ఆడోళ్లనందరిని కూడగట్టి సంఘం పెట్టి ఏండ్లకేండ్లు కొట్లాడింది. 2018ల కేరళ ప్రభుత్వం చట్టం మార్చి, కూసునే హక్కు ఇచ్చింది. 2021ల తమిళనాడు కూడ ఇచ్చింది. కూసునేతందుకు కూడ చట్టం కావాల్సి వచ్చిందంటే చూడుండ్రి. కూసుండి తింటే గుట్టలు కరుగుతయన్నోళ్లు పన్నెండు గంటలు నిలబడి చూడలేదు ఎప్పుడు.

ఆ చెల్లె షాపుల చేరింది. రిజిస్టర్ల పేరు ఎక్కిందట, పీఎఫ్ ముచ్చట మూడు నెలలైనంక చూద్దమన్నరట. మూడు నెలలు అని చట్టంల లేదు, మొదటి దినం నుంచే అని చెప్పినం. అడుగుత అన్నది. స్టూలు లేదు. పక్క కౌంటరు పిల్లలతోని మాట్లాడుతున్నదట. మొదటి నెల జీతం వచ్చినంక, ఏం వచ్చింది, ఏం పోయింది, ఎన్ని గంటలైంది నోట్‌బుక్కుల రాసుకొని రమ్మన్నం. మేము తీసిన లెక్క అనుకున్న లెక్క, ఆమెది నడిచిన లెక్క అయితది. ఏది తప్పో చూద్దం.

మీకు కూడ అదే చెప్తున్నం. ఇయ్యాల ఇంటికి పోయి మీ ఇంట్ల పనిచేసే ఒక్క మనిషిని పట్టుకోండ్రి, అమ్మనో, నాయిననో, గల్ఫ్‌ల ఉన్న అన్ననో. నానబెట్టుడు నుంచి లైన్ల నిలబడుడు దాక గంటలన్ని రాసుకోండ్రి. పేరు ఎవరి బుక్కు మీద ఉన్నదో అడుగుండ్రి. ఆ కాగితాలు మాకు ఇయ్యుండ్రి, ఆఫీసు అడ్రసు మీ సారు దగ్గరున్నది. పేర్లు తీసేసి అంకెలు అచ్చేస్తం. సెంటీమీటర్లు కొలవం.